స్టీమ్ డెక్, పీసీ, ఫోను: కేబుల్ లేకుండా ఫైళ్లు పంపుకోవడం

మీరు అడిగినదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీ దగ్గర స్టీమ్ డెక్ (చేతిలో పట్టుకుని ఆడే ఆటల కంప్యూటరు), విండోస్ 11 ఉన్న డెస్క్‌టాప్ పీసీ, ఆండ్రాయిడ్ ఫోను ఉన్నాయి. పీసీలో ఇప్పటికే దించుకున్న పెద్ద ఆటలను, వాటి సేవ్ ఫైళ్లను (ఎక్కడిదాకా ఆడారో దాచే ఫైళ్లను), స్టీమ్ అనే ఆటల దుకాణంలో దొరకని కొన్ని పాత ఆటలను డెక్‌లోకి చేర్చాలి. డెక్‌లో తీసిన స్క్రీన్‌షాట్లను ఫోనులోకి తెచ్చుకోవాలి. బ్లూటూత్‌తో ప్రయత్నిస్తే గంటలు గడిచినా పూర్తి కాలేదు, ఒకే వైఫైలోని పరికరాల మధ్య ఫైళ్లు పంపే లోకల్‌సెండ్ యాప్ పెడితే పీసీ కనబడలేదు, చివరికి డెక్‌లోని మెమరీ కార్డును పీసీకి పెడితే ఫార్మాట్ చేయమంటోంది. వీటన్నిటికీ పనికివచ్చే ఒక్క యాప్ ఏదని మీ ప్రశ్న.

అలాంటి ఒక్క యాప్ లేదు, ఉండవలసిన అవసరం కూడా లేదు. పంపవలసినది ఏ రకం ఫైలు అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. పైగా మీరు రాసిన ఇబ్బందుల్లో సగం యాప్‌లవి కావు, మీ ఇంటి వైఫైవి. అందుకని ముందు నెట్‌వర్క్ సంగతి, తర్వాత ఒక్కొక్క రకం ఫైలు సంగతి రాస్తాను.

దానికంటే ముందు మెమరీ కార్డు గురించి ఒక హెచ్చరిక. పీసీ ఎన్నిసార్లు అడిగినా ఆ కార్డును ఫార్మాట్ చేయకండి. డెక్ తన కార్డులను ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తుంది. విండోస్‌కు అది చదవడం రాదు కనుక కార్డు ఖాళీదో పాడైనదో అనుకుని ఫార్మాట్ చేయమంటుంది. కార్డు బాగానే ఉంది, లోపల ఆటలూ ఉన్నాయి. తీసి డెక్‌లో పెట్టేయండి.

బ్లూటూత్‌ను కూడా ఈ పనికి మరిచిపోవచ్చు. డెక్‌లోని బ్లూటూత్ వెర్షన్ ఎంత కొత్తదైనా, ఫైళ్లు పంపే పాత పద్ధతిలో నిజంగా అందే వేగం సెకనుకు సుమారు 2 మెగాబిట్లు, అంటే పావు మెగాబైటు. ఆ లెక్కన ఒక గిగాబైటుకు గంటకు పైగా పడుతుంది. కంట్రోలర్లకు, ఇయర్‌ఫోన్లకు అది చాలు, ఆటలకు చాలదు.

ఇక నెట్‌వర్క్. పీసీ, డెక్ రెండూ ఒకే రౌటర్ కింద ఉన్నాయా అన్నది మొదట చూడవలసిన విషయం. రెండూ వైఫైకి కలిసి ఉన్నాయి కదా అని సరిపెట్టుకోవద్దు. డెక్‌లో సెట్టింగ్స్, ఇంటర్నెట్ విభాగంలో మీ వైఫై పేరు వివరాల్లోకి వెళితే ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో ఆ పరికరానికి ఉండే అంకెల గుర్తు) కనిపిస్తుంది; పీసీలోనూ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో అదే చూడండి. సాధారణ ఇళ్లలో రెండు చిరునామాల మొదటి మూడు అంకెల గుంపులు ఒకటిగా ఉండి, చివరిది మాత్రమే వేరుగా ఉండాలి. మూడో గుంపులో తేడా ఉంటే, ఒక పరికరం అతిథుల వైఫైకో, ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె మీద మీరు పెట్టుకున్న రెండో రౌటర్‌కో అతుక్కుని ఉండవచ్చు. అప్పుడు ఇంటర్నెట్ రెండింట్లోనూ చక్కగా వస్తుంది, కానీ ఒకదానికి మరొకటి కనబడదు. మా ఇంట్లో ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన పెట్టెకు ఒక వైఫై, నేను కొన్న రౌటర్‌కు మరో వైఫై ఉండేవి; డెక్ ఒకదానికి, పీసీ మరొకదానికి కలిసి ఉన్నాయని తెలుసుకోవడానికి నాకు ఒక ఆదివారమంతా పట్టింది. ఆ ఆదివారం నేను మూడు యాప్‌లను అన్యాయంగా తిట్టి తీసేశాను.

చిరునామాలు సరిగానే ఉండి కూడా కనబడకపోతే రెండు అనుమానాలు మిగులుతాయి. మొదటిది విండోస్ ఫైర్‌వాల్. మీ వైఫైని విండోస్ పబ్లిక్ నెట్‌వర్క్‌గా గుర్తుంచుకుని ఉంటే, బయటి పరికరాలకు పీసీ కనబడకుండా దాచేస్తుంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో దాన్ని ప్రైవేట్‌గా మార్చి, ఫైర్‌వాల్ అనుమతుల జాబితాలో లోకల్‌సెండ్‌కు ప్రైవేట్ అన్న గడిలో టిక్ ఉందో లేదో చూడండి. మొదటిసారి యాప్ తెరిచినప్పుడు వచ్చిన అనుమతి పెట్టెను మనం చదవకుండా మూసేసి ఉంటే ఆ టిక్ ఉండదు. మీ విషయంలో జరిగింది ఇదేనని నా అనుమానం. రెండోది రౌటర్‌లో ఉండే ఐసొలేషన్ అనే అమరిక. అది ఆన్‌లో ఉంటే వైఫైకి కలిసిన పరికరాలు ఇంటర్నెట్‌తో తప్ప తమలో తాము మాట్లాడుకోలేవు. ఇళ్లలో ఇది అరుదు; హాస్టళ్లలో, కాలేజీల్లో, హోటళ్లలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది, అక్కడ అది ఉండవలసిన రక్షణే. అలాంటి చోట విండోస్‌లోని మొబైల్ హాట్‌స్పాట్‌ను ఆన్ చేసి డెక్‌ను నేరుగా పీసీకి కలపండి. నడుమ రౌటర్ ఉండదు, హాస్టల్ నియమాలతో పని ఉండదు. హాట్‌స్పాట్ లక్షణాల్లో బ్యాండ్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు పెట్టడం మరువకండి.

వేగం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ మంది తప్పు చోట వెతుకుతారు. 2022లో వచ్చిన ఎల్‌సీడీ డెక్‌లో వైఫై 5, 2023 చివర వచ్చిన ఓలెడ్ డెక్‌లో వైఫై 6ఈ ఉన్నాయి. పాతదైనా 5 గిగాహెర్ట్జ్ మీద, రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుంటే సెకనుకు 50 మెగాబైట్ల దాకా అందుకోగలదు. అయితే పీసీ కూడా వైఫై మీదే ఉంటే ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది: పీసీ నుంచి రౌటర్‌కు ఒకసారి, రౌటర్ నుంచి డెక్‌కు మరోసారి. రెండు ప్రయాణాలూ ఒకే చానల్‌ను పంచుకుంటాయి కనుక వేగం సగానికి పడిపోతుంది. పీసీని లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలపడం మీరు చేయగలిగిన అన్నిటికంటే మేలైన మార్పు. కేబుల్ లేకుండా అని అడిగితే కేబుల్ కొనమంటున్నాడేమిటి అనుకోకండి. డెక్‌కు కేబుల్ అక్కర్లేదు, కదలని పీసీకి ఉంటే చాలు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. చవక రౌటర్లలో చాలావాటికి లాన్ పోర్టులు 100 మెగాబిట్లవే. ఆ పోర్టు గుండా సెకనుకు 11 మెగాబైట్లకు మించి పోదు. 60 గిగాబైట్ల ఆట 50 మెగాబైట్ల వేగంతో 20 నిమిషాల్లో పూర్తయితే, 11 మెగాబైట్లతో గంటన్నర పడుతుంది. మీ బదిలీ ఎప్పుడు చూసినా 11 దగ్గరే నిలిచిపోతుంటే కారణం ఆ పోర్టు అయినా కావచ్చు, నాలుగు జతల తీగలు సరిగా లేని కేబుల్ అయినా కావచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉంటే ఆ మాత్రం కూడా రాకపోవచ్చు.

ఇప్పుడు ఫైళ్ల సంగతి. స్టీమ్‌లో కొన్న ఆటలను చేతితో కాపీ చేయవద్దు. 2023 నుంచి స్టీమ్‌లోనే స్థానిక నెట్‌వర్క్ మీద ఆటలను బదిలీ చేసే సదుపాయం ఉంది. పీసీలోని స్టీమ్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ విభాగానికి వెళ్లి దాన్ని ఆన్ చేసి, ఎవరికి పంపవచ్చు అన్నచోట మీ సొంత ఖాతాకు మాత్రమే అని పెట్టండి. డెక్‌లోనూ అదే విభాగంలో ఆన్ చేయండి. పీసీలో స్టీమ్ తెరిచి ఉంచి, డెక్‌లో ఎప్పటిలాగే ఇన్‌స్టాల్ నొక్కితే ఫైళ్లు ఇంటర్నెట్ నుంచి కాక పీసీ నుంచి వస్తాయి. నడుమ ఏదైనా తెగిపోతే మిగతాది ఇంటర్నెట్ నుంచి దించుకుంటుంది కనుక ఆట సగంలో చెడదు. నెలవారీ డేటా పరిమితి ఉన్న కనెక్షన్లలో ఇది చేసే మేలు చిన్నది కాదు.

ఇది అప్పుడప్పుడు పనిచేయనట్టు కనిపించడానికి ఒక కారణం ఉంది. కొన్ని ఆటలకు విండోస్ రూపం, లినక్స్ రూపం రెండూ ఉంటాయి. డెక్ లినక్స్ రూపాన్ని ఎంచుకుంటే దానికి కావలసిన ఫైళ్లు మీ పీసీలో ఉండవు, అందుకని అది ఇంటర్నెట్‌కే వెళుతుంది. ఆ ఆట లక్షణాల్లో కంపాటిబిలిటీ కింద ప్రోటాన్ (విండోస్ ఆటలను లినక్స్ మీద నడిపే ప్రోగ్రాము) వెర్షన్‌ను ఏదైనా ఒకదాన్ని మీరే నిర్ణయిస్తే డెక్ విండోస్ రూపాన్ని అడుగుతుంది, అప్పుడు పీసీ నుంచి తీసుకోగలుగుతుంది. షేడర్ల ఫైళ్లు (ఆట దృశ్యాలను గీయడానికి తోడ్పడేవి) మాత్రం ఎలాగూ ఇంటర్నెట్ నుంచే వస్తాయి.

సినిమాలు, పాటలు, పీడీఎఫ్‌లు, ఒకటి రెండు గిగాబైట్ల మోడ్ ఫైళ్లు (ఆటల్లో మార్పులు చేసేవి) వంటివాటికి లోకల్‌సెండ్ చాలు. డెక్‌ను డెస్క్‌టాప్ మోడ్‌లోకి (మామూలు కంప్యూటరులా పనిచేసే తెరలోకి) మార్చి డిస్కవర్ అనే దుకాణంలో వెతికితే దొరుకుతుంది. అది ఫ్లాట్‌ప్యాక్ (మూల వ్యవస్థను తాకకుండా విడిగా ఎక్కే ప్యాకేజీ) రూపంలో వస్తుంది, ఇది ముఖ్యం. డెక్‌లోని మూల వ్యవస్థ చదవడానికి మాత్రమే తెరిచి ఉంటుంది. ఎవరో చెప్పారని ఆ తాళం తీసి ప్యాక్‌మ్యాన్ అనే సాధనం ద్వారా ఎక్కించిన ప్రోగ్రాములు తర్వాతి సిస్టమ్ అప్‌డేట్‌తో తుడిచిపెట్టుకుపోతాయి. ఫ్లాట్‌ప్యాక్‌లు మీ సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డరు ఉన్న భాగంలో ఉంటాయి కనుక నిలుస్తాయి. ఫైర్‌వాల్ సరిచేశాక కూడా పీసీ కనబడకపోతే, లోకల్‌సెండ్‌లో పంపే తెరమీద ఐపీ చిరునామాను చేతితో ఇచ్చే వీలుంది. వెతకడం విఫలమైనా పంపడం విఫలం కాని సందర్భాలు చాలా చూశాను.

వేల కొద్దీ చిన్న ఫైళ్లున్న ఫోల్డర్లకు, అంటే మీరన్న పాత ఆటల వంటివాటికి, నేను ఎస్‌ఎఫ్‌టీపీని (నెట్‌వర్క్ మీద భద్రంగా ఫైళ్లు పంపే పద్ధతిని) వాడతాను. డెస్క్‌టాప్ మోడ్‌లో ఆదేశాలు టైపు చేసే కాన్‌సోల్ అనే ప్రోగ్రామును తెరవండి. డెక్ యూజరుకు మొదట పాస్‌వర్డ్ ఉండదు కనుక ముందు అది పెట్టాలి. ఆ ఆదేశం ఇంగ్లీషు పాస్‌వర్డ్ అన్న మాటలో ఓ, ఆర్ అనే రెండక్షరాలు తీసేసి ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో రాసినదే. మీరు కొడుతున్న పాస్‌వర్డ్ తెరమీద చుక్కలుగా కూడా కనబడదు, కంగారు పడకండి. తర్వాత సుడో, సిస్టమ్‌సీటీఎల్, స్టార్ట్, ఎస్‌ఎస్‌హెచ్‌డీ అన్న నాలుగు మాటలను మధ్య ఖాళీ వదులుతూ ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కితే డెక్ బయటినుంచి వచ్చే కనెక్షన్లకు తలుపు తీస్తుంది. పీసీలో ఉచితంగా దొరికే విన్‌ఎస్‌సీపీ అనే ప్రోగ్రామును తెరిచి, ఎస్‌ఎఫ్‌టీపీ ఎంచుకుని, డెక్ ఐపీ చిరునామా, పోర్టు 22, యూజర్ పేరుగా ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో డెక్, మీరు పెట్టిన పాస్‌వర్డ్ ఇవ్వండి. మొదటిసారి ఈ యంత్రాన్ని నమ్మవచ్చా అని అడుగుతుంది. మీ ఇంట్లో మీ డెక్‌కే కలుపుతున్నారు కనుక ఒప్పుకోండి. ఎడమవైపు పీసీ, కుడివైపు డెక్ కనిపిస్తాయి. డెక్‌లోని మెమరీ కార్డు కావాలంటే మూల ఫోల్డరులోని రన్, దాని లోపలి మీడియా కింద వెతకండి.

స్టార్ట్ అన్న మాటకు బదులు ఎనేబుల్ వాడితే డెక్ ఆన్ చేసిన ప్రతిసారీ ఆ తలుపు తెరుచుకునే ఉంటుంది. చాలా వివరణల్లో అలాగే రాస్తారు. నేను ఒప్పుకోను. డెక్ మీతో పాటు రైళ్లలో, కేఫుల్లో, స్నేహితుల గదుల్లో తిరిగే యంత్రం. దాని పాస్‌వర్డ్ కూడా చాలామంది 1234 అనే పెడతారు. కావలసినప్పుడు తెరుచుకుంటే చాలు, రీస్టార్ట్ చేయగానే దానంతటదే మూసుకుంటుంది.

చిన్న ఫైళ్లు లెక్కకు మించి ఉంటే ఎస్‌ఎఫ్‌టీపీ కూడా నెమ్మదిస్తుంది, ఎందుకంటే ప్రతి ఫైలుకూ తెరవడం, మూయడం, అనుమతులు రాయడం అనే తతంగం విడివిడిగా జరుగుతుంది. 20,000 ఫైళ్ల ఫోల్డరును పీసీలో ఒకే జిప్ ఫైలుగా కట్టి పంపి, డెక్‌లో ముందే ఉన్న ఆర్క్ ప్రోగ్రాముతో విప్పుకోండి. ఫైళ్లకు తెలుగు పేర్లు ఉంటే మాత్రం పాత జిప్ ప్రోగ్రాములతో కట్టవద్దు. విప్పాక పేర్లు అర్థం కాని గుర్తులుగా మారతాయి. జిప్ లేకుండా నేరుగా పంపితే తెలుగు పేర్లకు ఏ ఇబ్బందీ రాదు. లినక్స్ కోసం తయారైన ఆటను విండోస్ మీదుగా తెస్తే మరో చిక్కు వస్తుంది: నడపదగిన ఫైలు అనే గుర్తు దారిలో పోతుంది. డెక్‌లో ఫైళ్లను చూపే డాల్ఫిన్ ప్రోగ్రాములో ఆ ఫైలు లక్షణాలు తెరిచి, అనుమతుల భాగంలో ఆ గుర్తును మళ్లీ పెట్టాలి.

పీసీలో ఫోల్డరును షేర్ చేసి, డెక్‌లోని డాల్ఫిన్ నుంచి చూసే పద్ధతి కూడా ఉంది. రోజూ సినిమాలు చూసేవారికి అది అనుకూలం. పీసీలోకి మీరు పిన్ కొట్టి వెళుతున్నా, ఇక్కడ మాత్రం ఖాతా అసలు పాస్‌వర్డే ఇవ్వాలి. పిన్ ఆ యంత్రం ముందు కూర్చున్నవారికే పనిచేస్తుంది. ఇంతకు మించి దీని గురించి చెప్పవలసినది లేదు.

మీ ప్రశ్నలో అసలు జాగ్రత్త అవసరమైనది సేవ్ ఫైళ్ల విషయంలో. ముందుగా ఆ ఆటకు స్టీమ్ క్లౌడ్ (సేవ్‌లను ఇంటర్నెట్‌లో దాచే సదుపాయం) ఉందేమో స్టోర్ పేజీలో చూడండి. ఉంటే ఏమీ పంపవద్దు, పీసీలో ఆట మూసి, అప్‌లోడ్ అయ్యేదాకా ఆగి, డెక్‌లో తెరిస్తే చాలు. చేతితో కూడా పంపితే రెండు సేవ్‌ల మధ్య తేడా ఉందని, ఏది ఉంచాలో చెప్పమని స్టీమ్ అడుగుతుంది. అక్కడ తేదీ చూడకుండా నొక్కి నలభై గంటల ఆట పోగొట్టుకున్నవారిని ఎరుగుదును.

క్లౌడ్ లేని ఆటలకు దారి కొంచెం లోతుగా ఉంటుంది. విండోస్ ఆట డెక్‌లో ప్రోటాన్ మీద నడుస్తుంది, ప్రోటాన్ ప్రతి ఆటకూ ఒక చిన్న విండోస్ సీ డ్రైవును కల్పించి ఇస్తుంది. అది హోమ్‌లో దాగి ఉండే డాట్ లోకల్ అనే ఫోల్డరు, దానిలో షేర్, దానిలో స్టీమ్, స్టీమ్‌యాప్స్, కంపాట్‌డేటా అన్న వరుసలో ఉంటుంది. దాగిన ఫోల్డర్లు కనబడడానికి డాల్ఫిన్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కండి. కంపాట్‌డేటాలో పేర్లు కాక అంకెలు మాత్రమే ఉంటాయి. స్టోర్ పేజీ చిరునామాలో కనిపించే అంకే ఆ ఆట అంకె. దాని లోపల పీఎఫ్‌ఎక్స్, డ్రైవ్ సీ, యూజర్స్ దాటి వెళితే స్టీమ్‌యూజర్ అనే ఫోల్డరు వస్తుంది. మీ పీసీలో మీ పేరు ఏదైనా ఇక్కడ ఆ పేరే. అక్కడినుంచి డాక్యుమెంట్స్, యాప్‌డేటా, సేవ్డ్ గేమ్స్ అన్నీ విండోస్‌లో ఉన్నట్టే ఉంటాయి కనుక, పీసీలో సేవ్ ఏ ఫోల్డరులో ఉందో చూసి, దాన్ని ఇక్కడ అదే చోట పెట్టాలి. ఆటను మెమరీ కార్డులోకి ఎక్కించి ఉంటే కంపాట్‌డేటా కూడా కార్డులోనే ఉంటుంది; హోమ్‌లో వెతికి విసిగిపోవద్దు.

ఈ చోటు ముందే తయారుగా ఉండదు. డెక్‌లో ఆటను ఒకసారి తెరిచి, కొత్త ఆట మొదలుపెట్టి, ఒక సేవ్ అయ్యేదాకా ఆడి మూయండి. అప్పుడు ఆట తన ఫోల్డర్లన్నిటినీ తానే సృష్టించుకుంటుంది. వాటి పేర్లను పీసీలోని వాటితో పోల్చుకున్నాక, పాతదాన్ని పక్కన దాచి, మీదాన్ని పెట్టండి. స్టీమ్‌లో లేని ఆటకైతే, ముందు దాన్ని డెస్క్‌టాప్ మోడ్‌లోని స్టీమ్‌లో బయటి ఆటగా చేర్చి ప్రోటాన్ ఎంచాలి. దానికి స్టోర్ పేజీ ఉండదు కదా. ఆటను ఒకసారి నడిపి మూసిన వెంటనే కంపాట్‌డేటాను తేదీల వరుసలో పెడితే, పైన కనిపించే పొడవాటి అంకె దానిదే. కొన్ని ఆటలు సేవ్‌ను మీ స్టీమ్ ఖాతా అంకె పేరుతో ఉన్న ఫోల్డరులో పెడతాయి. ఒకే ఖాతా అయితే చింత లేదు, తమ్ముడి ఖాతాలోని సేవ్ తెచ్చుకుంటే ఆట దాన్ని గుర్తించకపోవచ్చు.

స్క్రీన్‌షాట్లకు వస్తే, ఫోనులో కేడీఈ కనెక్ట్ (ఫోనుకు, కంప్యూటరుకు మధ్య ఫైళ్లు పంపే యాప్) పెట్టుకోండి. డెక్ డెస్క్‌టాప్ కూడా కేడీఈదే కనుక రెండూ సులువుగా జత కలుస్తాయి; జత చేశాక డాల్ఫిన్‌లో ఫైలు మీద నొక్కి నేరుగా ఫోనుకు పంపవచ్చు, ఫోను గ్యాలరీలోని షేర్ గుర్తుతో డెక్‌కూ పంపవచ్చు. స్క్రీన్‌షాట్లు స్టీమ్ ఫోల్డరులోని యూజర్‌డేటా, మీ ఖాతా అంకె, 760, రిమోట్, ఆ తర్వాత ఆట అంకె వరుసలో ఉంటాయి. అంత దూరం వెళ్లడం ఇష్టం లేకపోతే, డెస్క్‌టాప్ మోడ్‌లోని స్టీమ్‌లో స్క్రీన్‌షాట్ల కిటికీ నుంచే ఆ ఫోల్డరును తెరవవచ్చు.

ఏ పద్ధతిలో పంపినా, పెద్ద బదిలీ మొదలుపెట్టే ముందు డెక్‌ను చార్జర్‌కు పెట్టి, డెస్క్‌టాప్ మోడ్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, పవర్ విభాగంలో దానంతటది నిద్రపోయే అమరికను ఆపేయండి. మీరు టీ తాగి వచ్చేలోపు డెక్ నిద్రపోతే వైఫై కూడా దానితోపాటే నిద్రపోతుంది, బదిలీ తెగుతుంది. వేగం కారణం లేకుండా ఎగుడుదిగుడుగా ఉంటే, గేమ్ మోడ్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి, అక్కడున్న వైఫై పవర్ మేనేజ్‌మెంట్‌ను ఆపి చూడండి. బ్యాటరీ కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది కనుక పని అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోండి. ఇవన్నీ చేశాక కూడా లోకల్‌సెండ్‌లో పీసీ కనబడకపోతే రెండు పరికరాల ఐపీ చిరునామాలు, మీ రౌటర్ మోడల్, పీసీ లాన్ మీద ఉందా వైఫై మీద ఉందా అన్నది రాయండి, చూసి చెబుతాను.